వెయ్యి ఎనిమిది రొట్టెలు

పోయినవేమిటో ముందే చెప్పేస్తాను. నూట ఇరవై ఆరు రోజుల జొన్నరొట్టెలు, రోజుకు ఎనిమిది చొప్పున వెయ్యి ఎనిమిది. చేయి జారి పగిలిన పింగాణీ కప్పులు మూడు. సొట్టపడిన బిందె ఒకటి. జడ వేసుకోవడం చేతకాక మా వదిన పోకుండా ఆగిపోయిన పెళ్లిళ్లు నాలుగు. కంప్యూటర్‌లో ఎండిపోయిన మళ్లు నూట నలభై నాలుగు. ఇన్నీ ఒక్క కుడి మణికట్టు వల్ల. మొన్న ఆదివారం శంషాబాద్‌లో మా అన్నావాళ్లింట్లో పొయ్యి ముందు కూర్చుని వేడినీళ్లతో జొన్నపిండి తడుపుతుంటే ఈ పద్దంతా మళ్లీ మనసులో తిరిగింది. నేను తట్టిన రొట్టె పెనం మీదికి చేరేలోపే అంచు విరిగింది. పక్కన పీట మీద కూర్చున్న వదిన తొంగి చూసి, "అది లెక్కల రాదు మరిదీ" అంది.

మా అన్నావాళ్ల పొలం విమానాశ్రయం కింద పోయింది. అన్న టాక్సీ కొనుక్కుని, దిగిన ప్రయాణికులను అత్తాపూర్ మీదుగా నగరంలోకి చేరవేసే పనిలో పడ్డాడు. ఇరవై ఏళ్లు కొడవలి పట్టిన వదినకు మాత్రం చేతినిండా పని లేకుండా పోయింది. ఇంటి మీదుగా విమానం వంగినప్పుడల్లా తలెత్తి, "గది మన టమాట మడి మీదనే దిగుతది" అనేది. 2011లో వాళ్ల అమ్మాయి చదువు కోసం కంప్యూటర్ కొన్నారు. అందులో పొలం ఆట ఒకటి ఉండేది. మౌస్ నొక్కితే మడి దున్నుతుంది, ఇంకోసారి నొక్కితే విత్తనం పడుతుంది, పండాక మళ్లీ నొక్కితే కోత. అమ్మాయి రెండు రోజులు ఆడి విసుగొచ్చి వదిలేసింది. వదిన పట్టుకుంది. పొద్దున్నే స్నానం చేసి, కొంగు నడుముకు దోపుకుని మరీ తెర ముందు కూర్చునేది. పత్తిలో అంతరపంటగా కంది వేద్దామని చూసి, ఆ ఆటలో కందే లేదని తెలిసి, దాన్ని చేసినవాడికి ఎవుసం రాదని తేల్చేసింది.

తప్పు నాది. నేను పదో తరగతి దాటలేదు. షాద్‌నగర్ మార్కెట్‌లో కాంటా పక్కన నిలబడి లెక్కలు నేర్చుకున్నవాణ్ని. అలాంటివాడికి ఎక్కడ అంకె కనబడినా చేయి ఊరుకోదు. వదిన వేసే పంట రోజుకొక్కసారి కోతకొచ్చేది. నాలుగు గంటల్లో పండే పంట వేస్తే పొద్దున్నుంచి రాత్రి భోజనాల దాకా నాలుగు కోతలు తీయవచ్చని, దిగుబడి నాలుగింతలని గళ్లు గీసి పట్టిక రాసిచ్చాను. వదిన దాన్ని గోడకు అంటించుకుంది. నెల తిరిగేసరికి రొట్టె తట్టబోతే బొటనవేలి మొదలు దగ్గర సూది దిగినట్టయి పిండి ముద్ద కింద పడేసింది.

దవాఖానకు నేనే తీసుకుపోయాను. "ఏం పని చేస్తారమ్మా?" అన్నాడు డాక్టర్. "ఎవుసం సారూ. కోతలే ఎక్కువ" అంది వదిన. నిజం చెప్పాలంటే నాకూ అది అబద్ధంగా తోచలేదు. చేతికి పట్టీ వేసి, పదిహేను రోజులు చేనుకు పోవద్దు, ఇంట్లోనే కూర్చోండి అన్నాడాయన. వదిన అక్షరం తప్పకుండా పాటించింది. ఇంట్లోనే కూర్చుని, పట్టీ చేత్తోనే, రోజుకు నాలుగు కోతలు కోసింది.

రెండోసారి పోయేనాటికి చెంబు కూడా ఎత్తలేకపోతోంది. "చేనుకు పోలేదు కదా?" అన్నాడు డాక్టర్.

"చెప్పులు గూడ తొడగలె సారూ."

"మరి కోతలు?"

"అవెట్ల ఆగుతయి? రోజుకు నాలుగు."

"నాలుగా! ఏ భూమమ్మా అది?"

"కంప్యూటర్ల."

డాక్టర్ కలం కింద పెట్టాడు. నవ్వలేదు. వేలాడించిన చేతిని మెల్లగా తిప్పి చూసి, అదే వేలు అదే కదలిక వేలసార్లు చేస్తే నరం వాచిపోతుందని, ఆట మానకపోతే ఆపరేషన్ తప్పదని, ఆ తర్వాత పట్టు మునుపటిలా వస్తుందని మాట ఇవ్వలేనని చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో లెక్క వేశాను. నూట నలభై నాలుగు మళ్లు, మడికి మూడు నొక్కుళ్లు, కోతకు నాలుగు వందల ముప్పై రెండు. నా పట్టిక వచ్చాక రోజుకు పదిహేడు వందల ఇరవై ఎనిమిది. దిగుబడి నాలుగింతలని రాసినవాణ్ని, నొక్కుళ్లు నాలుగింతలని రాయలేదు. ఉన్నదున్నట్టు వదినకు చెప్పేశాను. వీధి మలుపు దగ్గర, "అంటె అంత రాసినవు గని కూలి రాయలేదన్నట్టు" అంది.

ఆ మధ్యాహ్నం పంట కోతకొచ్చి ఉంది. కోయకపోతే సాయంత్రానికి ఎండిపోతుంది. అమ్మాయి ఆట చెరిపేస్తానంటే వదిన వద్దంది. తెర ముందు కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఎండనపడి, వాననపడి పంట కాపాడుకున్న మనిషికి చేతికందిన చేను ఎండిపోతుంటే చూడటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకసారి కుడిచేయి తనంతట తనే లేచింది. ఎడమచేత్తో పట్టుకుని దించింది. "ఎండనీ. ఇంతకన్న పెద్దది పోతేనే బతికినం" అంది. చివరి మడి నల్లబడ్డాక లేచి, నా పట్టిక గోడ మీంచి చించి, పొయ్యిలో పెట్టింది.

ఆ తర్వాత పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై సార్లు వేడినీళ్లలో మణికట్టు వంచడం, మెత్తని బట్ట ఉండ పిసకడం. ఒక్కపూట తప్పలేదు. అన్నం తిని తిని రొట్టెకు ముఖం వాచిన మా అన్న ఏమన్నా అంటే, "చేయి కావాల్నా, రొట్టె కావాల్నా?" అనేది. నూట ఇరవై ఏడో రోజు రొట్టె తట్టింది. చప్పుడు విని పక్కింటావిడ కూడా వచ్చింది. ఒక్కటే తట్టి, ఆపి, నావైపు తిరిగింది. "నువ్వు రాయని కూలి ఉంది గదా. ఇగ ఆ వెయ్యి ఎనిమిది నువ్వే కొట్టు. గుండ్రంగ, పలగకుండ వచ్చినవే జమ."

అప్పటి నుంచి వీలైన ఆదివారమల్లా పోతున్నాను. మొన్న ఆరు తట్టాను, మూడు జమ అయ్యాయి. ఇంటి మీదుగా విమానం పోతే ఇప్పుడు వదిన తలెత్తదు, నా పెనం వైపే చూస్తుంది. పొలం పోయిన కాలం ఆమె లెక్కలోంచి ఎప్పుడో దాటిపోయింది. నా లెక్కలో మాత్రం కాలం నెలల్లో నడవదు. ఇంకా మూడు వందల తొంభై ఏడు రొట్టెల కాలం ఉంది.