గంగాభవాని ప్రింటరు కొన్న వైనం

నెల్లూరు ట్రంకురోడ్డులో ప్రింటర్లు అమ్మే షాపుకు సీసాతో సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చిన మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆమె పేరు గంగాభవాని. ఆ పూట ఆమె పక్కన నిలబడి, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడిన పెద్దమనిషిని నేనే.

నా పేరు హజరత్తయ్య. బిట్రగుంట రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడకు నా మీద, నాకు లోకం మీద చిరాకు పెరుగుతోందని, బోగోలు మండలంలో సముద్రం ఒడ్డునున్న ఒక పాలెంలో మత్స్యకారుల సంఘానికి వారానికోసారి వెళ్ళి లెక్కలు రాసి పెడుతున్నాను. సంఘం ఆఫీసంటే ఒకటే గది. ఆ గదికి గుమాస్తా, కంప్యూటరు ఆపరేటరు, తలుపు తీసేది, ఊడ్చేది అన్నీ గంగాభవానే. తల్లి కామమ్మ చేపల గంప మోసి ఆమెను ఇంటర్ దాకా చదివించింది. పెళ్ళి కూడా ఆ పాలెంలోనే అయింది. నలభై దగ్గర పడుతున్నా ప్రతిదానికీ "ఎందుకు సార్?" అంటుంది. రైలు పట్టాల మధ్య కంకర ఎందుకు పోస్తారని నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు. ఆమె మొదటిరోజే అడిగింది. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక, పనుంది, తర్వాత చెప్తానన్నాను.

చేపలు పట్టేవాళ్ళకు ప్రింటరుతో ఏం పని అని మీరు అడగవచ్చు. సముద్రంలోకి పోయే ప్రతి బోటులోనూ రిజిస్ట్రేషన్ కాగితం, మనుషుల గుర్తింపు కార్డులు ఉండాలి. అసలువి తడుస్తాయని ఇంట్లో దాచి, వాటి నకళ్ళను మడిచి రొంటిన దోపుకుని పోతారు. గస్తీ బోటు వాళ్ళు ఆపితే అవే చూపిస్తారు. లామినేషన్ చేయించుకోండయ్యా అని నేను చెప్పి చూశాను. అట్టలాగా ఉన్నది రొంటిన గుచ్చుకుంటుందట. మడత పడని కాగితాన్ని ఆ పాలెంలో ఎవరూ నమ్మరు.

సంఘానికి మొదటి ప్రింటరును ఎంచింది కూడా గంగాభవానే. ఫొటోలు రంగుల్లో ముచ్చటగా వస్తాయని, ఇంకుతో నడిచే చిన్న మిషన్ కొనిపించింది. పోయిన సీజన్లో ఆమె తమ్ముడు పెంచల్ బోటు, వల వెంబడి దక్షిణానికి చాలా దూరం పోయింది. గస్తీ వాళ్ళు ఆపి కాగితాలు అడిగారు. పెంచల్ రొంటిలోంచి తీసి విప్పితే అక్షరం లేదు, ముద్ర లేదు, నీలం మరక ఒక్కటే ఉంది. బోటును ముక్కూమొహం తెలియని మనుషులున్న రేవులో కట్టేశారు. ఇంటి నుంచి అసలు కాగితాలు పోయేదాకా పెంచల్ అక్కడ నలుగురి ముందు నేల మీద కూర్చున్నాడు. పట్టిన చేపంతా కుళ్ళిపోయింది.

చేప పోయినందుకు అతను అంతగా బాధపడలేదు. దొంగను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారని కడుపు మండింది. తిరిగొచ్చి ఆ మరక కాగితాన్ని అక్క బల్ల మీద పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ ఆఫీసు గడప తొక్కలేదు. ఇంట్లో ఎదురుపడినా అక్క ముఖం చూడడు. "అమా, ఆమెకు చెప్పు" అని కామమ్మతో చెప్పించేవాడు. నకళ్ళు కావాలంటే పనిగట్టుకుని కావలి పోయి వచ్చేవాడు.

తల్లి గంపెత్తుకుని పోతే ఆ తమ్ముడిని చంకనేసుకుని పెంచింది గంగాభవాని. "తిట్టినా బాగుండు సార్" అని ఒకసారి నాతో అన్నది. "నా చేత్తో ఇచ్చిన కాయితం వాడు మళ్ళీ తీసుకుంటే నాకదే చాలు."

వానాకాలంలో ఆ ఇంకు మిషన్ మొరాయించింది. కావలి నుంచి బెన్హర్ అనే మెకానిక్ కుర్రాడు వచ్చి పైడొప్ప ఊడదీశాడు. లోపల ఇనుమంతా తుప్పు, దాని మీద తెల్లటి పూత. అది చూడగానే గంగాభవాని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఏందబ్బయా ఈ తెల్లది?"

"ఉప్పక్కా. సముద్రం గాలి గదా."

"గాలైతే అంతటా ఒక్కలాగ పట్టాల. ఇక్కడ చుక్కలు చుక్కలుగా ఉండాదే?"

నాకూ వింతగా తోచి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. నిజమే. నీటిచుక్కలు పడి ఎండిపోతే అంచులు మిగిలినట్టు గుండ్రటి తెల్లగీతలు. గంగాభవాని కాసేపు వాటినే చూసి, ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

ఆ పాలెంలో ఊరిపెద్దను పెద్దకాపు అంటారు. ఇప్పటి పెద్దకాపు మస్తానయ్య. బోటు గానీ, ఇంజను గానీ, ఐసు పెట్టె గానీ, పాలెంలోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ఆయన చెంబుతో సముద్రపు నీళ్ళు తెచ్చి, గంగమ్మ పేరు చెప్పి దాని మీద చల్లాలి. అది కాందే ఎవరూ వాడరు. ప్రింటరు వచ్చినరోజు కూడా చల్లాడు. దసరాకు మళ్ళీ చల్లాడు. బోటుకు ఉప్పునీళ్ళు ఓ లెక్కా? ప్రింటరు కడుపులో ఏముంటుందో పాపం ఆయనకేం తెలుసు.

"ఈసారి చల్లొద్దని చెప్పు" అన్నాను.

"చల్లకుంటే ఆ మిషన్లో తీసిన కాయితాన్ని ఒక్కరు కూడా బోటెక్కించరు సార్. పెంచల్ అసలే ఎక్కించడు" అన్నది. ఆ మాట అనేటప్పటికి ముఖంలో నవ్వు పోయింది.

సంఘం కొత్త మిషన్ కొనాలని తీర్మానం చేసింది. ఎంచే పని మళ్ళీ ఆమెకే ఇచ్చి, కాపలాకు నన్ను జత చేసింది. నా పద్ధతి నాకుంది. మిషన్ ఎంత గొప్పదైనా, చెడిపోతే కావలిలో బాగుచేసే మనిషి ఉండాలి. విడిభాగం కోసం మద్రాసు వైపు చూస్తూ కూర్చోకూడదు. ఇదంతా బస్సులో ఆమెకు ఉపన్యాసంగా చెప్పాను. ఆమె బుద్ధిగా విన్నది. ఒళ్ళో సంచి ఉంది గానీ అందులో ఏముందో నేను అడగలేదు.

షాపులో సుప్రియ అనే అమ్మాయి మిషన్లు చూపించింది. ఏది ఎంత వేగంగా తీస్తుంది, దేనికి ఖర్చు తక్కువ, దేనికి రంగులున్నాయి అని చక్కగా వివరించింది. గంగాభవాని అంతా విని, పెన్ డ్రైవ్ ఇచ్చి, పెంచల్ బోటు కాగితాన్ని ఒక్కో మిషన్లో తీయించింది. ఆ తర్వాత సంచిలోంచి సీసా బయటికి తీసింది.

"ఏంటి మేడమ్ అది?"

"సముద్రం నీళ్ళమ్మా. ఒక పళ్ళెం ఉంటే ఇస్తావా?"

మంచినీళ్ళు ఇక్కడే ఉన్నాయి గదా అని నేను గొణిగాను. "వాళ్ళు తడిసేది ఉప్పునీళ్ళల్లో గదా సార్" అన్నది. సుప్రియ నవ్వి ఊరుకుంటుందనుకున్నాను. ఆ పిల్ల టీ గ్లాసులు తీసేసి ట్రే తెచ్చి ముందు పెట్టింది. పక్క కౌంటర్ల వాళ్ళు కూడా పని ఆపి చుట్టూ చేరారు. కాసేపటికి నేను కూడా మర్యాద సంగతి మరిచిపోయి మెడ చాచాను.

ఇంకు ట్యాంకు మిషన్ కాగితంలో నల్ల అక్షరాలు నిలిచాయి, రంగు ముద్ర మాత్రం కరిగి పాకింది. "ఇప్పుడొచ్చే నల్ల ఇంకు పోదు మేడమ్, రంగులే పోతాయి" అంది సుప్రియ. లేజర్ మిషన్ కాగితం నానిపోయి వేలాడినా ముద్ర కూడా నల్లగా అలాగే ఉంది. "ఇందులో ఇంకు ఉండదు. పొడి ఉంటుంది, దాన్ని వేడితో కాగితానికి అతికిస్తుంది" అని ఆ అమ్మాయే చెప్పింది. గంగాభవాని ఆ అక్షరాలను వేలితో రుద్ది, గోటితో గీకి, వెలుతురుకు పట్టి చూసింది.

ఇంకేం, అయిపోయిందనుకున్నాను. అవలేదు. లేజర్ కాపీలు ఇంటికి తీసుకుపోయి కొన్నాళ్ళు వాడి చూశాక కొంటానంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"పెళ్ళికొడుకును కూడా ఇంతగా చూడరు గదమ్మా" అన్నాను.

"పెళ్ళికొడుకును నీళ్ళల్లో ముంచి చూడలేం గదా సార్" అన్నది. సుప్రియ అప్పుడు నవ్వింది.

పాలెంలో ఆదెయ్య అని ఒక బోటు యజమాని ఉన్నాడు. గంగాభవాని ఒక కాపీని ఉత్తదే మడిచి అతని రొంటికి ఇచ్చింది. ఇంకో కాపీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అతని బోటు ఇంజను పెట్టె మీద ఉంచమంది. నేను మళ్ళీ వారం వెళ్ళేసరికి రెండూ ఆమె బల్ల మీద ఉన్నాయి. రొంటిలో తిరిగింది నలిగి, చేప వాసన కొడుతూ, డీజిల్ మరకలతో ఉంది గానీ ప్రతి అక్షరమూ చదవవచ్చు. కవర్లో భద్రంగా పెట్టినది పాడైంది. ఎండకూ ఇంజను వేడికీ పొడి మెత్తబడి, సగం అక్షరాలు ప్లాస్టిక్‌కు అంటుకుపోయాయి. అది చూసి నాకు నీరసం వచ్చింది. మళ్ళీ మొదటికొచ్చాం గదా అనుకున్నాను.

ఆమె మాత్రం కవరును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి ముచ్చటగా చూస్తోంది. "చూడండి సార్, పెంచల్ పేరు కవరెక్కింది, తిరగబడి." తనలో తాను అనుకున్నట్టు అన్నది. "మనం కవరు దేనికేస్తాం? తడస్తదని. తడిసినా పోనిదానికి కవరు దేనికి?"

ఎంత చిన్న సంగతి, నాకు తట్టలేదు. అప్పుడు లేజర్ మిషన్లలో జెరాక్స్ కూడా తీసేదాన్ని, బెన్హర్ చేతికి అలవాటైనదాన్ని నేను ఏరాను. ఆ ఒక్క విషయంలో నా మాటే నెగ్గింది.

కొత్త మిషన్ వచ్చినరోజు పాలెం సగం ఆఫీసు ముందే ఉంది. గంగాభవాని దాన్ని కిటికీ గాలి తగలని మూల పెట్టించింది. కాగితాల కట్టలు చెమ్మ ఎక్కకుండా ఇనప పెట్టెలో సర్దింది. మస్తానయ్య తలగుడ్డ చుట్టుకుని, రెండు చేతులా చెంబు పట్టుకుని వచ్చాడు. జనం దారి ఇచ్చారు. దూరంగా, ఇసుకలోకి లాగిన బోటుకు ఆనుకుని పెంచల్ నిలబడి ఉండడం నేను చూశాను. గంగాభవాని కూడా అటు ఒకసారి చూసి మిషన్ వైపు తిరిగింది.

ఆమె ఒక బోటు కాగితం తీసి, ఇంకా వేడిగా ఉన్నదాన్ని రెండు చేతులతో మస్తానయ్య ముందు పట్టింది.

"మామా, గంగమ్మ నీళ్ళు దీని మీద జల్లు."

"మిషన్ మీద గదా జల్లాల్సింది?" అన్నాడాయన.

"మిషన్ ఈ గది దాటి యాడికీ పోదు మామా. సముద్రంలోకి పొయ్యేది కాయితం. బోటు చేసిన మేస్త్రి మీద జల్లుతామా, బోటు మీద గదా జల్లేది?"

మస్తానయ్య తొందరపడే మనిషి కాదు. మిషన్ను చూశాడు, కాగితాన్ని చూశాడు, చెంబులోకి చూశాడు. ఆయన ఒప్పుకోకపోతే ఏం చేయాలో ఆమె దగ్గర ఇంకో ఉపాయం లేదని నాకు తెలుసు. చివరికి ఆయన తలూపి, గంగమ్మ పేరు చెప్పి పుడిసెడు నీళ్ళు కాగితం మీద పోసినంత పని చేశాడు. నీళ్ళు ఆమె మోచేతుల మీదుగా కారాయి. ఆమె కాగితం దులిపి పైకెత్తింది. ఆయనకు చదువు రాదు. దగ్గరికొచ్చి ముద్ర మీద వేలు పెట్టి గట్టిగా రుద్దాడు.

"ఉండాది" అన్నాడు. "ఇంక తీసుకోండి."

ఆ రోజంతా జనం వరస కట్టి కాపీలు తీయించుకున్నారు. బోటు దగ్గరున్న పెంచల్ మాత్రం అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. గుమ్మంలో నీడ పడినప్పుడల్లా ఆమె తలెత్తి చూడడం, మళ్ళీ పనిలో పడడం నేను చూస్తూనే ఉన్నాను. నాకు ఒళ్ళు మండింది. ఇంత పొగరేమిటి వాడికి అన్నాను. "నేల మీద కూర్చుంది వాడు గదా సార్, మనం కాదు" అన్నది.

తర్వాత కొన్నాళ్ళకు ఆదెయ్య బోటును గస్తీ వాళ్ళు ఆపారు. తడి కాగితం విప్పి చదువుకుని పొమ్మన్నారట. ఆ సంగతి ఒక్క పూటలో పాలెమంతా పాకింది. ఆ మర్నాడు నేను ఆఫీసులో ఉండగా పెంచల్ వచ్చాడు. తన ముందున్న మనుషుల పని అయ్యేదాకా వరసలోనే నిలబడ్డాడు. తన వంతు రాగానే బోటు అసలు కాగితం అక్క బల్ల మీద పెట్టాడు.

"రెండు తియ్యి" అన్నాడు, గోడ వైపు చూస్తూ.

"రెండెందుకు?" అన్నది. ఆ మాట అడక్కుండా ఉండడం ఆమెకు అప్పుడు కూడా చేతకాలేదు.

"ఒకటి నాకు. ఒకటి నీ కాడ పెట్టుకో. నాది చినిగిపొయ్యో, గాలికి పొయ్యో ఉంటే, మా అక్క కాడ ఉండాది, ఫోన్ చేసి అడగండి అని చెప్తా."

గంగాభవాని కాగితాన్ని మిషన్లో పెట్టి మీట నొక్కింది. బయటికి తెల్ల కాగితం వచ్చింది. బోర్లా పెట్టాల్సినదాన్ని వెల్లకిలా పెట్టింది. అది ఎలా పెట్టాలో పాలెంలో అందరికీ నేర్పిన మనిషి.

పెంచల్ ఆ తెల్ల కాగితాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎంత తడిసినా ఫరవాలేదులే అక్కా" అన్నాడు.

ఆమె నవ్వబోయింది, ఏడుపొచ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేముంది. పెంచల్ వంగి, అసలు కాగితాన్ని తనే తిప్పి బోర్లా పెట్టాడు.

"ఇప్పుడు నొక్కు" అన్నాడు.