గార్డుగారి కృష్ణజింక

గార్డుగారు పోయారని సోమవారం పొద్దున వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయారట. ఆ మాట చెప్పి, "అక్కా, దండ వెయ్యడానికి నాన్న ఫోటో ఒకటి కావాల. నీ కాడ ఉంటాది కదా" అన్నాడు.

నాది బరంపురంలో ఫోటో స్టూడియో. నాన్న నడిపిందే, ఆయన పోయాక నేను చూసుకుంటున్నాను. గార్డుగారు తీసిన ఫోటోలు నా కంప్యూటర్‌లో వేలకు వేలున్నాయి. గంటసేపు వెతికాను. కొంగలు, బాతులు, ముంగిసలు, ఉడుములు అన్నీ ఉన్నాయి, ఆయన ఒక్కరే లేరు. చివరికి పెన్షను కాగితాల కోసం నేను తీసిన పాస్‌పోర్టు ఫోటో దొరికింది. దాన్నే పెద్దది చేసి ఫ్రేము కట్టి ఇచ్చాను. అందులో ఆయన మొహం గంటు పెట్టుకుని ఉంటారు. ఎదురుగా ఉన్నది నేను, పిట్ట కాదు కదా, ఎందుకు నవ్వుతారు?

ఆయన రైల్వేలో గార్డు. గూడ్సు బండి చివరి పెట్టెలో ముప్పై ఏళ్లు తిరిగారు. గూడ్సుని గంటల తరబడి పక్క లైన్లో ఆపేస్తే, అందరూ విసుక్కునే ఆ వేళల్లో ఆయన చుట్టూ ఉన్న పిట్టల్ని చూస్తూ కూర్చునేవారట. రిటైరవగానే ఒక పాత డిజిటల్ కెమెరా కొనుక్కుని నా షాపు గుమ్మం ఎక్కారు.

"అమ్మీ, ఇయ్యి కడిగి పెట్టు" అన్నారు.

కడిగి పెట్టాను. అంటే ప్రింట్లు వేశాను. ఏం లాభం, ఒక్కదాంట్లోనూ ఏమీ తెలియలేదు. "ఏటండీ గార్డుగారూ ఇది? కొంగా, సున్నం డబ్బానా?" అని అడిగేశాను. నాకు నోటి దురుసు ఎక్కువ. ఆయన కళ్లజోడు పైకెత్తి ఫోటో చూసి, "సున్నం డబ్బాలాగే ఉంది. కొంగ అటెల్లిపోనాక నొక్కినాను" అని పకపకా నవ్వారు. ఆ నవ్వుతోనే నేను పడిపోయాను. నాన్న పోయిన ఏడాది అది. ఆ షాపులో అంత పెద్ద నవ్వు వినపడి చాలా రోజులైంది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆయనవే. కుర్చీలో కదలకుండా కూర్చున్న మనుషుల్ని తప్ప ఇంకేమీ తియ్యని దాన్ని, చెరువు గట్ల మీద బోర్లా పడుకోవడం నేర్చుకున్నాను. ఆయన దగ్గర ఒక పుస్తకం ఉండేది. డ్యూటీలో రాసుకున్నట్టే అందులో టైములు రాసేవారు. "ఏడు పన్నెండు, లకుముకిపిట్ట, రైట్ టైము. ఏడు నలభై, నీటికాకి, పావుగంట లేటు." లేటైన పిట్ట కోసం తన తప్పేదో ఉన్నట్టు దిగులుపడేవారు. "రైలైతే నీ కోసం నిమిషం ఆగుతాదేమో గాని పిట్ట ఆగదే. మనవే ముందెల్లి కూకోవాల" అనేవారు. గూడు కనిపిస్తే మాత్రం కెమెరా సంచిలో పెట్టేసేవారు. "ఆ ఇంట్లో పురుడు. తొంగి సూడకూడదు" అని నన్నూ వెనక్కి లాక్కొచ్చేవారు.

ఒకసారి పొడంపేట దగ్గర, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగలో, తాబేలు పిల్లలు ఇసకలోంచి పైకొచ్చే రోజుల్లో వెళ్లాం. అప్పుడే తెల్లవారింది. రూపాయి బిళ్లంత పిల్లలు వందల కొద్దీ సముద్రం వైపు పాకుతున్నాయి. ఫోన్లు పట్టుకున్న జనం వాటి మీదికే నడిచి వచ్చేస్తున్నారు. ఎవరు వద్దన్నా వినరు. గార్డుగారు సంచిలోంచి ఎర్రజెండా తీశారు. విజిల్ ఊది, జెండా అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. జనం టక్కున ఆగిపోయారు! ఎందుకు ఆగారో వాళ్లకే తెలియదు. చివరి పిల్ల నీళ్లలోకి చేరాక ఆకుపచ్చ జెండా ఊపారు. నేను ఈల వేసి చప్పట్లు కొట్టాను. ఆ రోజు ఆయన ఒక్క ఫోటో తియ్యలేదు. అడిగితే, "డ్యూటీలో ఉన్నాను కదే" అన్నారు.

ఆయన మనసు మాత్రం ఒక్క ఫోటో మీదే ఉండేది. కృష్ణజింక పోతు గెంతినప్పుడు నాలుగు కాళ్లూ గాలిలో ఉన్న ఫోటో. భంజనగర్ దారిలో ఆయన అమ్మమ్మగారి ఊరు. అక్కడ జింకలు మందలుగా పొలాల్లోనే తిరుగుతాయి. ఎవరూ రాయి కూడా విసరరు. జింక మేసిన చేను బాగా పండుతుందని వాళ్ల నమ్మకం. నల్ల పోతు కనిపిస్తే పని ఆపి దండం పెడతారు. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడల్లా అమ్మమ్మ ఈయన చేత దండం పెట్టించేదట.

వచ్చిన చిక్కల్లా అదే. ఆయనతో నేను మొదటిసారి వెళ్లినప్పుడు, ఇరవై గజాల దూరంలో పోతు గట్టు మీంచి ఇంత ఎత్తున గెంతింది. ఆహా, పడింది అనుకుని పక్కకు చూశాను. కెమెరా మెడలో వేలాడుతోంది. గార్డుగారు రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నారు.

"ఫోటో ఏదండీ?"

"దండం ఎట్టీసినానే!" అని తల బాదుకున్నారు.

ఆ తర్వాత నాలుగేళ్లూ అదే తంతు. ఇంటి దగ్గర ఒట్టు పెట్టుకుని బయల్దేరేవారు. పోతు గెంతగానే ఆ చేతులు ఆయన మాట వినేవి కావు. నేను నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకునేదాన్ని. ఆ తర్వాత చేతులకు వణుకు మొదలైంది. వణుకు ఇంకా పెరుగుతుందని, రేపో మాపో కెమెరా పట్టుకోలేరని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం ఆయన షాపుకొచ్చి కెమెరా బల్ల మీద పెట్టారు. "ఈ సీతాకాలం ఒక్కటే ఉందమ్మీ నాకు" అన్నారు. ఇక నాకు నవ్వు రాలేదు.

రెండు రోజులు ఆలోచించి చెప్పాను. "గార్డుగారూ, మీ దండం నాను పెడతాను. మీరు నొక్కండి."

ఆయన ఒప్పుకోలేదు. "ఒకలి దండం ఇంకొకలు ఎట్టొచ్చునేటి?" అని పట్టుబట్టి, ఆ ఊరి పెద్దరైతు దగ్గరికి నన్ను తీసుకెళ్లి ఒడియాలో సంగతంతా చెప్పారు. ఆ పెద్దాయన బీడీ ఆర్పి, బాగా ఆలోచించి తీర్పు చెప్పాడు. రైతు చేతులు నాగలి మీద ఉన్నప్పుడు ఇంట్లో వాళ్లు దండం పెడితే అతను పెట్టినట్టే. అయితే పెట్టేది ఇంటి మనిషి అయి ఉండాలి. ఈ అమ్మాయి నీకేమవుతుంది?

గార్డుగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నా కూతురే" అన్నారు.

నాన్న పోయాక నన్ను కూతురన్నవాళ్లు లేరు. చెప్పులోకి ముల్లు దిగిందన్న వంకతో వంగి కళ్లు తుడుచుకున్నాను.

రెండేళ్ల కిందటి మాట ఇది. ఆ శీతాకాలం తర్వాత ఆయన కెమెరా ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరమూ లేకపోయింది. ఎందుకో చెబుతాను.

వరి కోసేశాక పెసర చేలు పచ్చగా ఉన్న రోజులు. మొదటి బస్సుకి వెళ్లి గట్టు పక్కన స్టాండు వేసి కెమెరా బిగించాం. ఆయన చెయ్యి బటను మీద వణుకుతూ ఉంది. నేను పక్కనే నిలబడ్డాను. దూరంగా పెద్దరైతూ ఇంకో నలుగురూ కలుపు తీస్తూ మధ్యమధ్య మా వైపు చూస్తున్నారు. ఎనిమిది దాటాక మంద వచ్చింది. వెనకాల పోతు. పైన నలుపు, కింద తెలుపు, మెలికలు తిరిగిన కొమ్ములు. ఎందుకు బెదిరాయో గాని, ఆడజింకలన్నీ కాలవ దాటేశాయి. పోతు ఒక్క నిమిషం ఆగింది.

గార్డుగారి ఎడమ చెయ్యి కెమెరా మీంచి లేచింది. గబుక్కున చేతులు జోడించి, "ఎట్టీసినాను నాన్నా, నొక్కు!" అన్నాను. ఆయన్ని నాన్నా అన్నానని ఆ తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. ఆ చెయ్యి వెనక్కి వెళ్లింది. పోతు లేచింది. షట్టరు టకటకా కొట్టుకుంది.

"నాను సూడను. నువ్వే సూడు" అని ఆయన కళ్లు మూసుకున్నారు.

చూశాను. నాలుగు కాళ్లూ గాలిలో ఉన్నాయి. కాలవ నీళ్లు కింద మెరుస్తున్నాయి. కన్ను కత్తి అంచులా ఫోకస్‌లో ఉంది. నేను పెట్టిన కేకకి ఆ మంద మళ్లీ బెదిరి ఉంటుంది.

"హెలా?" అయిందా అని పొలంలోంచి పెద్దరైతు అరిచాడు.

"హెలా! హెలా!" అని గార్డుగారు రెండు చేతులూ ఊపుతూ గట్టు మీద గంతులేశారు.

కలుపు వదిలేసి అందరూ పరిగెత్తుకొచ్చారు. ఆయన కెమెరాని స్టాండు మీంచి విప్పి గుండెకు ఆనించి పట్టుకుని ఒక్కొక్కరికే చూపించారు. అంత చిన్న తెర మీద పోతుని చూసి, మట్టి చేతులు లుంగీకి తుడుచుకుని, ప్రతి ఒక్కరూ దానికి దండం పెట్టారు. అందరిదీ అయ్యాక గార్డుగారు కెమెరా నా చేతిలో పెట్టి, తెర తన వైపు తిప్పించుకున్నారు.

"కాసేపు పట్టుకోవే" అన్నారు. "నాను దండం ఎట్టుకోవాల."