అంటు ముడి మీద మట్టి

టమోటా అంటు కట్టడం నాకు బాగా వచ్చు. మదనపల్లె శివారులో షేడ్ నెట్ కింద నేనూ నా భార్యా ఏళ్లుగా చేస్తున్న పని అది. అడవి వంగ నారును మొదలుకు కాస్త పైన ఏటవాలుగా కోస్తాం. అదే మందం ఉన్న టమోటా నారును అదే వాలులో కోసి, రెండు కోతలనూ ఆనించి, చిన్న ప్లాస్టిక్ క్లిప్పు పెడతాం. కొన్నాళ్లు చెమ్మగా ఉండే చీకటి గుడారంలో ఉంచితే అతుక్కుంటాయి. ఆ అతుకునే ముడి అంటాం. కింద వంగ వేరు, పైన టమోటా కాపు. మట్టిలో దాక్కున్న వడలు తెగులు టమోటా వేరును పట్టినట్టు ఈ వంగ వేరును పట్టదు. రైతులు మా నర్సరీకి వచ్చేది అందుకే.

నాకు చేతకానిది మాట ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. నర్సరీ పెట్టక ముందు పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. అన్నిటికన్నా నాకు ఇష్టమైన పాఠం కణం. గోడకు ఇటుక ఎలాగో ఒంటికి కణం అలాగ అని అందరూ చెబుతారు. నేను అక్కడ ఆగేవాణ్ణి కాదు. ఇటుకకు ఆకలి వేయదు, కణానికి వేస్తుంది. ఇటుక ఇంకో ఇటుకను పుట్టించదు, కణం రెండుగా చీలి ఇంకో కణమవుతుంది. గోడ నుంచి ఊడదీసినా ఇటుక అలాగే ఉంటుంది, కణానికి మాత్రం బతుకూ చావూ ఉన్నాయి. ఇలా చెబుతుంటే పిల్లలు నోరు తెరిచి వినేవాళ్లు. ఆ రుచి మరిగాను. బడి మానేసినా రుచి పోలేదు. నారు కోసం వచ్చిన రైతులను ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, టీ తెప్పించి పాఠం మొదలుపెట్టేవాణ్ణి.

"వాళ్లు నారుకొచ్చినారయ్యా, బడికి గాదు" అనేది నా భార్య, కోత బల్ల దగ్గర నుంచి తల ఎత్తకుండానే.

ఆమె అన్నది నిజమేనని కుప్పం వైపు నుంచి ఒక రైతమ్మ వచ్చిన తర్వాత తెలిసింది. నలభై దాటిన మనిషి. పలమనేరులో బస్సు మారి పొద్దున్నే వచ్చేసింది. ట్రేలో నారును ముట్టుకోకుండా వంగి చాలాసేపు చూసి, అప్పుడు మాట్లాడింది.

"రెండు పంటలు పోయినాయన్నా. కాయ దిగే టయానికి పచ్చని సెట్టు పచ్చగానే తల వాల్చేస్తాది. మా ఆయన ఇంక సాలంటాండాడు. గ్రానైటు పాలిషింగ్ షెడ్డోళ్లు భూమి లీజుకు అడుగుతాండారు. ఈ ఒక్క పంటా సూస్తానని నేను మొండికేసినా."

"షెడ్డు వేస్తే బాడుగ వస్తుంది కదమ్మా?"

"వస్తాది. రాతి బురద పోసిన నేల్లో మళ్లా ఏం మొలుస్తాదన్నా?"

ఆ మాటకు నేను చెప్పాల్సింది రెండు ముక్కలు. ఈ నారు ఎలా నాటాలి, ఎలా నాటకూడదు. అది వదిలేసి ఇటుక దగ్గర నుంచి కణం పాఠం ఎత్తుకున్నాను. కోసిన చోట రెండు వైపులా కణాలు చీలి చీలి పెరుగుతాయనీ, మధ్యలో మెత్తని కండ కడుతుందనీ, ఆ కండలోనే నీళ్లు పారే గొట్టాలు ఒకదానికొకటి కలుస్తాయనీ చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. వినేవాళ్లు దొరికితే నాకు ఒళ్లు తెలియదు.

"అయితే రెండూ కలిసి ఒగటే సెట్టు అయిపోతాదా అన్నా?"

"కాదమ్మా, అదే విచిత్రం. నీళ్లు పంచుకుంటాయి, తిండి పంచుకుంటాయి. అతుకు దగ్గర పక్కపక్కనే ఉన్నా వంగ కణం వంగ కణమే, టమోటా కణం టమోటా కణమే. దేని గుణం దానిదే."

"మా అత్తా నేనూ మాదిరి. ఒగే కుండలో తింటాము, ఆమె ఆమే, నేను నేనే."

నా భార్య కూడా బల్ల మీది నుంచి తల ఎత్తి నవ్వింది. నవ్వి, "నాటేది ఎట్లనో చెప్పు ముందు" అంది నాతో. చెబుతాలే అన్నాను. ఇంతలో ట్రేలు ఎక్కించడానికి మినీ లారీ వచ్చింది. నేను పాఠం ముగింపులో ఉన్నాను. ముగించాను, ట్రేలు ఎక్కించాను, చేయి ఊపాను. చెప్పాల్సింది చెప్పలేదు.

కొన్ని వారాలకు ఫోను వచ్చింది.

"అన్నా, వాలిపోతాండాయి. కింది సాళ్లలో మొదలయింది."

ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "నీళ్లు ఎక్కువ పెట్టింటారమ్మా, డ్రిప్పు ఆపి చూడండి" అన్నాను.

"నీళ్లు నేను సూసే పెడతా" అని ఆమె ఫోను పెట్టేసింది.

మరునాడు కూడా నేను కదల్లేదు. నారు మాది మంచిదే, రైతుల అజాగ్రత్త ఇంతే అని నాలో నేనే తీర్పు చెప్పేసుకున్నాను. అన్నం తినేటప్పుడు ఆ సంగతి నా భార్యకు చెప్పాను. ఆమె కూర వడ్డించబోయి గరిటె ఆపింది.

"ముడి మీదికి మట్టి రానియ్యొద్దని చెప్పినావా?"

నేను కంచంలోకి చూశాను.

"చెప్పలే గదా. ఎవురినో తిడతాండావే!"

ఆ సందేహం నాకూ అంతకు ముందే వచ్చిందని ఇక్కడ ఒప్పుకోవాలి. ఫోను పెట్టేసిన క్షణం నుంచే ఉంది. దాన్ని పైకి రానివ్వకుండా తొక్కిపెట్టడానికే రైతును తిట్టాను.

తెల్లారి బైకు మీద బయలుదేరాను. పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేసరికి ఎండ ముదిరింది. ఆమె చేను చూడగానే మంచి రైతు చేతి పని అని తెలిసిపోయింది. సాళ్లు దారం పట్టినట్టు ఉన్నాయి. ఒక్క కలుపు మొక్క లేదు. ప్రతి మొక్కకూ మొదట్లో మట్టి ఎగదోసి గట్టిగా అదిమి ఉంది. చిక్కు అక్కడే ఉంది. అంటు కట్టని టమోటా నారుకు అదే సరైన పద్ధతి. కాండాన్ని ఎంత లోతుగా పూడిస్తే అంత ఎక్కువ వేర్లు పుడతాయి, మొక్క అంత బలంగా నిలుస్తుంది. ఈ ప్రాంతంలో తెలివైన రైతు ఎవరైనా అలాగే నాటుతారు. పనితనం లేని మనిషైతే పైపైన గుచ్చి వదిలేసేది, మొక్కలు బతికేవి.

గట్టు మీద నిలబడ్డ ఆమె భర్త నన్ను చూసి, "రా సారూ, నీ కణాలు ఏమంటాండాయో అడుగుదువు గానీ" అన్నాడు.

నేను ఒక వాలిపోయిన మొక్క దగ్గర కూర్చుని చేత్తో మట్టి తీశాను. కిందికి పోతే క్లిప్పు పెట్టిన ముడి కనిపించింది. దానికి పైన టమోటా కాండం నుంచి తెల్లని వేర్లు గుత్తిగా బయటికి వచ్చి మట్టిలోకి దిగి ఉన్నాయి. చుట్టూ చీకటి, చెమ్మ దొరికితే కాండంలోని కణం వేరు కాగలదు. ఆ సత్తా దానిలో ఎప్పుడూ ఉంటుంది. నేనే ఎన్నోసార్లు పాఠంలో చెప్పాను.

"రెండు గాజు గ్లాసుల్లో మంచినీళ్లు తెండి" అన్నాను.

ఆమె తెచ్చింది. ముడికి పైన ఉన్న టమోటా కాండం ముక్క కోసి ఒక గ్లాసులో వేలాడదీశాను. ముడికి కింద ఉన్న వంగ కాండం ముక్కను రెండో గ్లాసులో. ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. కాసేపటికి మొదటి గ్లాసులో, కోసిన చోటు నుంచి పాలచుక్క లాంటి తెల్లని దారం మెల్లగా కిందికి జారింది. రెండో గ్లాసులో నీళ్లు అలాగే తేటగా ఉన్నాయి.

"ఏందన్నా అది?"

"తెగులు. ఆ దారమంతా బాక్టీరియాలే. ఒక్కొక్కటీ ఒకే ఒక్క కణం, దాని బతుకంతా ఆ ఒక్కదానిలోనే. అవి వంగ వేరులోంచి రాలేదమ్మా. ముడి పైన పుట్టిన టమోటా వేర్లలోంచి దూరినాయి. ముడి మట్టికి పైనే ఉండాలని, మట్టి ఎగదోయకూడదని నేను మీకు చెప్పాలి. చెప్పలేదు. నీళ్లు ఎక్కువయ్యాయని మీ మీదికి తోసేశాను. తప్పు నాది."

 ఆమె వంగి గ్లాసులో దారాన్ని చూసి, నా వైపు తిరిగింది.

"అంతసేపు చెప్పినావు గదన్నా. ఇటుకలన్న్యావు, గొట్టాలన్న్యావు, టీ కూడా తాపించినావు. ఈ ఒక్క మాట యాడ పెట్టుకున్న్యావు?"

 ఆమె భర్త లేచి, "షెడ్డోడు ఆదివారం వస్తానన్న్యాడు. సరే అని చెప్పేస్తా" అన్నాడు.

"నువ్వు రొంతసేపు గమ్మునుండు" అంది ఆమె. "ఏమన్నా, మిగిలినవి దక్కుతాయా?"

అక్కడ నాకు తడబాటు లేదు. నా పని నాకు తెలుసు. వాడినవాటికి ఆశ లేదని, మట్టితో సహా పెకలించి సంచుల్లో వేసి చేను దాటించాలని చెప్పాను. నిలబడి ఉన్నవాటికి మట్టి వెనక్కి లాగి, ముడి బయటపెట్టి, పైన పుట్టిన టమోటా వేర్లను బ్లేడుతో మొదలంటా గీసేయాలి. ఒక మొక్క కోసిన బ్లేడును బ్లీచింగ్ నీళ్లలో ముంచకుండా ఇంకో మొక్కకు తగిలించకూడదు. వేర్లు పోయాక మొక్క కొంత డీలా పడుతుంది, భయపడకూడదు. కింద వంగ వేర్లు ఉన్నాయి, అవి మోస్తాయి. ఇప్పటికే లోపలికి దూరిన తెగులు ఉంటే కొన్ని పోతాయి, ఎన్ని పోతాయో నాకు తెలియదన్నాను.

నేనొక సాలు, ఆమె ఒక సాలు పట్టుకున్నాం. ఇంకా చేనంతా మిగిలి ఉంది. మొదట్లో ఆమె కోపం నాకు వినిపిస్తూనే ఉంది, బ్లేడు ముంచే డబ్బా టప్పున కిందపెట్టిన శబ్దంలో. ఎండ నడినెత్తికి వచ్చాక ఆమె భర్త కూడా ఒక బ్లేడు తీసుకుని మూడో సాలులో కూర్చున్నాడు.

"ఇంత తెల్లగా, నవనవలాడతా ఉండాయి, ఈ వేర్లే దొంగలా?" అన్నాడు.

"వేరుది తప్పు లేదన్నా. మట్టి తగిలింది, పుట్టింది."

"అయితే దొంగవి నువ్వే" అన్నాడు. ఆ మాటకు ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను కానీ తల ఎత్తలేదు.

ఆ రాత్రి పలమనేరులో ఆగి, మర్నాడు మళ్లీ వెళ్లి మిగిలిన సాళ్లు ముగించాం. షెడ్డు మనిషికి కోత దాకా ఆగమని ఆమే ఫోను చేసి చెప్పింది.

ఆ తర్వాత రోజూ ఫోను చేసేవాణ్ణి. కింది సాళ్లలో ఇంకొన్ని వాలాయి. ఆ మాట ఆమె నోట విన్న రోజు నాకు అన్నం సయించేది కాదు. తర్వాత వాలడం ఆగింది. "పొద్దన్నే నీ ఫోను కంటే మా కోడి నయం" అని ఆమె విసుక్కున్న రోజున, చేను దక్కిందని నాకు ధైర్యం వచ్చింది.

మొదటి కోతకు వెళ్లాను. చెట్టునిండా కాపు. కూలోళ్లు క్రేట్లు మరీ ఎత్తుగా నింపుతుంటే ఆమె ఒక పక్క నుంచి అరుస్తోంది. భర్త లారీ దగ్గర క్రేట్లు సర్దుతూ, "వచ్చే పంటకు నారు ఎప్పుడు చెప్పాల?" అని నన్ను అడిగాడు.

"షెడ్డు?"

"ఇంకో భూమి సూసుకోమన్న్యా."

చేను దిగువన ఖాళీ అయిన సాళ్లలో ఆమె రాగులు చల్లింది. పైరు మోకాలెత్తు పచ్చగా నిలబడి ఉంది. అంత మేర టమోటా కాపు ఉండాల్సింది. ఎవరూ ఆ మాట నాతో అనలేదు. నేను ఒక క్రేటు తీసుకుని, ఆ రాగి పైరును ఆనుకుని ఉన్న సాలులో కాయలు కోయడానికి కూర్చున్నాను.