మందు తూచే మేస్త్రి

బళ్ళారిలో మా చర్చి వీధిలోనే తుపాకులు బాగుచేసే మేస్త్రి ఉండేవాడు. రైఫిల్ తూటాల్లో నింపే తుపాకిమందును ఆయన ఊపిరి బిగబట్టి తూచేవాడు. ఏ తూటాకు ఎంత మించకూడదో మందు కంపెనీవాళ్ళు అచ్చేసిన పట్టీ గోడకు అంటించి, ప్రతిసారీ వేలుపెట్టి చూసుకునేవాడు.

గనుల డబ్బు ఊరిమీద పడిన రోజులవి. కొత్తగా రైఫిల్ కొన్న ఒక గని యజమాని నా ఎదుటే అడిగాడు.

"మందు ఇంకొంచెం జాస్తి ఏయప్పా. గుండు బో దూరం పోవల్ల."

"జాస్తి ఏస్తే తుపాకే పగులుతాది సామీ. ఈ పట్టీలో ఉండేదే ఆఖరు."

"గుట్టలే పేలుస్తాండాం, ఇదెంత?" అని నవ్వి, తన ఖాళీ తూటాలూ మందు డబ్బా తీసుకుని ఆయన లేచాడు. మేస్త్రి "వద్దు సామీ" అంటూ కారు దాకా వెళ్ళాడు. కారు ఆగలేదు.

యజమాని తానే మందు ఎక్కువగా నింపి, మొదట డ్రైవరు చేత పేల్పించాడట. రైఫిల్ వెనకభాగం డ్రైవరు ముఖం దగ్గరే పగిలింది.

వారం తర్వాత యజమాని మనిషి ఆ రైఫిల్‌ను గోనెసంచిలో తెచ్చాడు. మేస్త్రి సంచి విప్పలేదు.

"డ్రైవరు కన్ను ఎట్లుండాది?" అని అడిగాడు.

"పోయిందప్పా. అదట్లుండనీ, ఇది రిపేరీ అవుతాదా, లేదా? సావుకారు అడగమన్న్యాడు."

మేస్త్రి సంచిని అలాగే వెనక్కి తోశాడు. తర్వాత "ఏ ఆస్పత్రి?" అన్నాడు. ఆ మనిషికి అది తెలియదు.