పునర్వసు కింది చుక్క

దయ్యాలూ ఆత్మలూ అంటే నమ్మే మనిషిని కాదు నేను. నాలుగో తరగతితో నా చదువు ఆగిపోయినా, తాయెత్తులకీ సోదెలకీ రూపాయి తగలేసిందాన్ని కాదు. ఇది రాయడానికే చాలా రోజులు మనసొప్పలేదు.

మా ఆయన తెనాలిలో వాచీలు బాగుచేసేవారు. కొట్టు కట్టేసి, రైల్లో రేపల్లె వచ్చి, కాళ్ళు కడుక్కుని, చుక్కలు చూడ్డానికి డాబా ఎక్కేవారు. ఆరుద్ర నక్షత్రం వెలుగు ఒకప్పుడు పెరుగుతుంది, ఒకప్పుడు తగ్గుతుంది. అది తెలియాలంటే మారని చుక్కతో పోల్చాలి. పునర్వసులో పక్కపక్కన రెండు చుక్కలుంటాయి. కిందిది కాస్త పెద్దది, అంటే వెలుగు ఎక్కువ. దాంతో పోల్చేవారు. ముందు అది సరిగ్గా ఉందో లేదో పైదాంతో సరిచూసుకునేవారు.

ఆ సరిచూడ్డం నా పని. తన కన్ను తను అనుకున్నదే చూస్తుందని ఆయనకి అనుమానం. అందుకని నా వెనక నిలబడి, "ఏది పెద్దది?" అని మాత్రం అడిగేవారు. పొయ్యి మీద కూర వదిలేసి రావాల్సొస్తోందని విసుక్కుంటూనే, "కిందదేనండి" అనేదాన్ని. ఏళ్ళ తరబడి అంతే.

ఆయన పోయాక నేను ఆకాశం వంక చూడలేదు.

కిందటి మాఘంలో, బాపట్లలో చదువుకుంటున్న మా అమ్మాయి కూతురు కెమెరా తెచ్చి, తాతయ్య చూసిన చుక్కల్నే ఫొటోలు తీస్తానంది. ఆ రోజు దీపాలు పెట్టే వేళ దాటింది. డాబా మీద పెట్టిన కెమెరా దానంతటది ఫొటోలు తీసుకుంటోంది. పిల్ల ఏదో వైరు కోసం కిందికెళ్ళింది. కరెంటు దండగని డాబా మీద లైటు నేనెప్పుడూ వెయ్యనివ్వను. ఆ చీకట్లోనే ఆరిన బట్టలు తీస్తున్నాను.

"ఏది పెద్దది?" అని వెనక నుంచి వినబడింది.

అలవాటు కొద్దీ తలెత్తాను. "ఇవాళ పైదేనండి. కిందది తగ్గింది" అన్నాను. అన్నాకగానీ ఆ గొంతు ఎవరిదో తట్టలేదు. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

మెట్ల మీద మనవరాలు నిలబడి ఉంది.

"ఎవరితో అమ్మమ్మా, అంత మెత్తగా మాట్లాడుతున్నావు? నాతో ఒక్కనాడైనా అలా మాట్లాడావా?" అంది నవ్వుతూ.

విన్నదీ చూసిందీ చెబితే, ఆ చుక్క మారదనీ నా కళ్ళే మసకబారాయనీ అంది. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. చూపు బాగానే ఉంది నాకు.

మర్నాడు పిల్ల ఫొటోల్ని కంప్యూటర్లో కొలిచింది. కాసేపు కింది చుక్క నిజంగానే తగ్గింది. పక్కనున్నది తగ్గలేదు. మబ్బు జాడ లేదు. అదే సాయంత్రం బాపట్లలో దాని స్నేహితురాలు తీసిన ఫొటోల్లో రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి. లెన్సు తుడిచింది, మళ్ళీ కొలిచింది. తప్పెక్కడో దొరకలేదు.

పోల్చే చుక్కే మారితే ఆ కొలత పనికిరాదట, తీసెయ్యాలట.

"తీసెయ్యకే" అన్నాను.

నేను ఒకర్ని బతిమాలడం అది ఎప్పుడూ చూడలేదు. లెక్కలో కలపకుండా, ఫొటోలు మాత్రం ఉంచింది.

ఆ సాయంత్రం ఏం జరిగిందో నాకిప్పటికీ తెలియదు. మోకాళ్ళు సహకరించకపోయినా రోజూ డాబా ఎక్కుతున్నాను. చుక్క నిలకడగానే ఉంటోంది. ఫోన్లో ఆ మాట చెబితే మనవరాలికి సంతోషం. ఇంకొక్కసారి తగ్గితే బాగుండునని నాకుంటుంది. ఈసారి అడిగితే జవాబు చెప్పి, అలాగే నిలబడతాను. వెనక్కి మాత్రం తిరగను.