రిచ్‌మండ్‌లో పెరనాకన్ పెళ్ళి పండగ, పార్కింగ్ లాట్‌లో సన్నాయి

ఆరేళ్ళుగా నా కడుపులో ఒక మంట ఉంది. అది చెప్పకుండా ఈ ప్రయాణం సంగతి రాయలేను. ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా చేసే సీతారాముల కల్యాణంలో సన్నాయిని ఫోన్‌లో పెట్టి స్పీకర్లో వినిపిస్తారు. పోయినేడు తాళి కట్టే టైముకి గట్టిమేళం బదులు కారు ఇన్సూరెన్స్ ప్రకటన మోగింది. యాభై ఏళ్ళు పెళ్ళిళ్ళలో నాదస్వరం ఊదినవాణ్ణి, నాలుగో వరస కుర్చీలో కూర్చుని అది విన్నాను. నేనే ఊదుతానని అడిగితే సంఘంవాళ్ళది ఒకటే మాట: "అంకుల్, మీ సన్నాయి సౌండ్ ఎక్కువ, హాల్ వాళ్ళు కంప్లైంట్ చేస్తారు." అలాంటప్పుడు మా అమ్మాయి పద్మ ఒక కాగితం తెచ్చింది. పెరనాకన్ పెళ్ళి పద్ధతులు చేసి చూపించే పండగట. అందులో సన్నాయి లాంటిది పట్టుకున్న ముసలాయన ఫోటో చూసి, పోదాం పద అన్నాను. నేను చదివింది ఐదో తరగతి. టైపు పద్మది, మాటలు నావి.

శనివారం తొమ్మిదింటికి బర్నబీలో స్కైట్రెయిన్ ఎక్కాం. వాటర్‌ఫ్రంట్ స్టేషన్లో దిగి రిచ్‌మండ్ రైలుకి మారాలి, మొత్తం గంట పడుతుంది. శని ఆదివారాల్లో ఎంత దూరం పోయినా ఒకటే రేటు, నాలాంటి వయసు మళ్ళినవాళ్ళకి రెండు డాలర్ల పైచిలుకు. చివరి స్టేషన్ నుంచి బస్సులో పది నిమిషాలు. పంజాబీ డ్రైవరు నా పొడుగు సంచి చూసి, "అంకుల్‌జీ, ఈ వయసులో క్రికెట్టా?" అన్నాడు. వచ్చిన హిందీలో, నాదస్వరం అన్నాను. "అయితే ఇక్కడ ఊదకండి, జనం దిగిపోతారు" అని నవ్వాడు. పద్మ అప్పుడు అడిగింది, "నాన్నా, అసలు అదెందుకు తెచ్చావ్?" అని. సంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

హాల్లోకి ప్రవేశం ఉచితం. పెరనాకన్లంటే ఎన్నో తరాల కిందట చైనా నుంచి మలేసియా, సింగపూర్ వైపు వచ్చి, అక్కడి ఆడపిల్లల్ని పెళ్ళి చేసుకుని ఉండిపోయినవాళ్ళ సంతతి. పెళ్ళికొడుకుని బియ్యం కుంచం మీద కూర్చోబెట్టి తల దువ్వుతారు. పళ్ళెంలో దువ్వెన, అద్దం, కత్తెర, మంగలి కత్తి. మా నాన్న పొద్దున అలాంటి కత్తితోనే పెళ్ళికొడుక్కి క్షవరం చేసి, ముహూర్తానికి అవే చేతులతో సన్నాయి పట్టేవాడు. ఆ కత్తిని ఎర్రగుడ్డ మీద పెట్టి, ఇంటిపెద్ద రెండు చేతులా మోసుకురావడం నేను మొదటిసారి చూశాను.

పదకొండింటికి పెళ్ళికొడుకు ఊరేగింపు. అందరికంటే ముందు, కాగితం మీద ఫోటోలోని ముసలాయన లిమ్ గారు సెరోనీ ఊదుతూ, వెనక డోళ్ళు, గంట. సెరోనీ మన సన్నాయికి చెల్లెలు లాంటిది, ఊదే పీక తాటాకుతో చేస్తారు. అయిపోయాక పద్మ చేత అడిగించాను, హాల్ వాళ్ళు కంప్లైంట్ చెయ్యరా అని.

"చేశారు," అన్నాడాయన. "అందుకే బయట పార్కింగ్ లాట్‌లో మొదలుపెట్టి గుమ్మం దగ్గర ఆపేస్తాం. లోపల జనం మాట్లాడుకోవద్దా?"

అంతే. ఇది తట్టడానికి మనవాళ్ళకి ఆరేళ్ళు చాలలేదు.

ఆయన నా సంచి తడిమి, తియ్యండి అన్నాడు. ఒక్క స్వరం ఊదాను. పక్కనున్న ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. లిమ్ గారు, "దీనికి పార్కింగ్ లాట్ కూడా చాలదు! మూడింటి ఊరేగింపుకి నాతో నడవండి" అన్నాడు.

భోజనం ప్లేటు పద్నాలుగు డాలర్లు. పాకంలో వేసిన ఉండ్రాళ్ళు రెండు పెడితే, చాలవమ్మా అన్నాను. వంటావిడకి తెలుగు రాదు, అయినా ఇంకో రెండు వేసింది. చాలా కూరల్లో పంది మాంసం ఉంటుంది, తిననివాళ్ళు అడిగి పెట్టించుకోండి.

మూడింటికి నడిచాం. రెండిటికీ శ్రుతి కలవదు, అందుకని ఆయనొక వరస, నేనొక వరస. రెండో మలుపులో నాకు ఊపిరి అందలేదు. పెళ్ళికొడుకు అడుగు తడబడింది. లిమ్ గారు నా వైపు చూడకుండానే అందుకున్నాడు. గుమ్మం దగ్గర మళ్ళీ నేను ఊదాను. తర్వాత ఆయన అడిగాడు, "ఎన్నాళ్ళయింది ఊది?"

"జనంలో ఆరేళ్ళు."

"ప్రతి శనివారం మా ఇంట్లో సాధన చేస్తాం, రండి. మా అన్న మనవరాలి పెళ్ళికి మనిద్దరం ఊదాలి." ఆ పెళ్ళి ఏ రోజంటే, సరిగ్గా మన సీతారాముల కల్యాణం రోజే. సోమవారం చెప్తానన్నాను.

తిరుగు రైల్లో ఆలోచించాను. ఆ మలుపులో ఆగింది వయసు వల్ల కాదు, ఊదకపోవడం వల్ల. ఇంకో రెండేళ్ళు కుర్చీలో కూర్చుంటే ఉన్న ఊపిరి కూడా పోతుంది. అప్పుడు ఎవరు పిలిచినా పోలేను. మీరు ఆ పండగకి వెళ్తే పదిన్నరకల్లా హాలు వెనక పార్కింగ్ లాట్‌లో నిలబడండి. లోపల కూర్చున్నవాళ్ళకి ఊరేగింపు కనపడదు.

ఇక సంఘం పెద్దలకి. నాకు సీతమ్మ పెళ్ళికి ఊదాలని ఉంది, ఆ సంగతి దాచను. హాలు బయట మొదలుపెడతాను, గుమ్మం దగ్గర ఆపేస్తాను, తాళి కట్టేటప్పుడు మాత్రం లోపల ఊదుతాను. ఊదమంటారా, వద్దంటారా? ఆదివారం సాయంత్రం ఆరింటిలోగా చెప్పండి. సోమవారం పొద్దున నేను లిమ్ గారికి మాటివ్వాలి.