మట్టి మింగిన ఇనుము

ఆ రోజు అశోక్‌నగర్ హాస్టల్లో మెట్లెక్కుతూ సగంలో కూలబడ్డాను. గుండె దడదడ, కళ్ల ముందు చీకట్లు. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసై, ఎనిమిది వందల మీటర్ల పరుగుకు తయారవుతున్నదాన్ని, రెండంతస్తులు ఎక్కలేకపోయాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

చిక్కడపల్లిలో ఒక క్లినిక్‌కి వెళ్లాను. సీబీసీ రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడు. డాక్టర్ తలెత్తి కూడా చూడలేదు. "హాస్టల్ పిల్లలంత ఇంతే. ఆకుకూరలు తిను, ఐరన్ మాత్ర రోజూ వేస్కో" అన్నాడు. మా హాస్టల్ పప్పులో ఆకు కనపడాలంటే భూతద్దం కావాలి. ఆ సంగతి ఆయనకెవరు చెప్తారు?

మాత్ర ఒక్క రోజు కూడా మానలేదు. రెండు నెలలకు మళ్లీ చూస్తే అదే ఏడు. "వేస్కుంటలేవు. అబద్ధం చెప్తున్నవ్" అన్నాడు. ఆ మాటకు ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు. నిజానికి నా దగ్గర అబద్ధం ఉంది. కాకపోతే అది మాత్రల గురించి కాదు.

నేను ముల్తానీ మట్టి తినేదాన్ని. మార్కెట్లో కిరాణాకొట్టు అన్న గడ్డలు పొట్లం కడుతూ "మొహానికా అక్కా?" అనేవాడు. తలూపేదాన్ని. నా రూమ్మేట్ సరిత కూడా అలాగే అనుకుంది. "రోజూ గింత తెస్తవ్, మొహం మాత్రం గట్లనే ఉన్నది" అని ఎగతాళి చేసేది. మాత్ర వేసుకోగానే నోట్లో ఆ తుప్పు రుచి పోవడానికి చాటుగా ఒక ముక్క చప్పరించేదాన్ని.

తర్వాత నారాయణగూడలో ఒక పెద్ద డాక్టర్ మేడం దగ్గరికి వెళ్లాను. "మట్టి, బలపాలు, ఏమన్న తింటవా అమ్మా?" అని ఆమె సూటిగా అడిగింది. "ఛీ, లేదు మేడం" అన్నాను. రక్తం లోపలెక్కడైనా పోతోందేమోనని ఎండోస్కోపీ రాసింది. గొంతులోకి గొట్టం దింపించుకున్నాను కానీ నిజం చెప్పలేదు. ఆ సిగ్గును చెప్పుతో కొట్టాలి.

పరుగు రోజు రెండో రౌండులో పడిపోయాను. ఉద్యోగం అక్కడే పోయింది.

వారం తర్వాత బుగ్గన మట్టి ముక్క పెట్టుకుని జనరల్ సైన్స్ చదువుతున్నాను. శోషణం అంటే లోపలికి పీల్చుకోవడం, అధిశోషణం అంటే పైన అంటిపెట్టుకోవడం. ఈ బిట్టు నాకు ఏ టెస్టులోనూ తప్పలేదు. దాని కిందే ఉదాహరణ: బంకమట్టి రేణువులు లోహ అయాన్లను తమ ఉపరితలానికి పట్టుకుంటాయి. పక్కనే ఐరన్ మాత్రల షీటు ఉంది. నోట్లో ముక్క ఉమ్మేశాను. పేజీ చూపించి సరితకు అంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. "నీ నోట్ల నువ్వే మట్టి కొట్టుకున్నవ్ కదనే" అని ఏడ్చింది.

మర్నాడు మేడం దగ్గర ఒప్పుకున్నాను.

"ఇన్ని రోజులు మందు నీకు కాదు, ఆ మట్టికి ఏసినం. కడుపుల ఆ మట్టి ఇనుమును పట్టుకుంటది, నీ ఒంటికి పోనియ్యదు. రక్తం తగ్గినకొద్ది మట్టి మీదికే మనసు పోతది. బంద్ చెయ్యి" అంది.

మట్టికి సీసం కూడా అంటుకుని ఉండొచ్చని బ్లడ్ లెడ్ టెస్ట్ చేయించింది. అదృష్టం, అది బాగానే వచ్చింది. ఐరన్ సుక్రోజ్ సెలైన్‌లో ఎక్కించారు. నాలుగో వారం వాన పడింది. ఆ తడి వాసనకు ఆగలేక మళ్లీ కొని తిన్నాను. ఈసారి మాత్రం వెళ్లి చెప్పాను, తిట్లు తిన్నాను.

ఇప్పుడు హిమోగ్లోబిన్ పన్నెండు. కొత్త నోటిఫికేషన్ కోసం రోజూ పొద్దున పరిగెడుతున్నాను. మొన్న కొట్టు అన్న "మొహానికి తీస్కపోతలేవేంది అక్కా?" అన్నాడు. "మొహానికి కాదన్నా, తిననీకి కొన్న" అన్నాను. పక్కన సరుకులు కొంటున్నవాళ్లంతా నన్నే చూశారు. చూడనీ.

మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగకపోతే, మీరు చాటుగా తినేదేమిటో డాక్టర్‌కు చెప్పండి. అడగకపోయినా, తలెత్తి చూడకపోయినా చెప్పండి. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రావడానికి ఒక ఉద్యోగం పోయింది.